వావిలాకు మానేసిన ఏడాది

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే నా కుడి మోకాలు కటుక్కుమంటుంది. ఆ చప్పుడు నాది కాదు, మా అత్తమ్మది. ఇరవై రెండేళ్ళు ఒకే ఇంట్లో విన్నదాన్ని, నాకు తెలియకుండా పోతుందా. ఆమె చనిపోయి ఏడేళ్ళయింది. ఆమె చప్పుడు మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యలేదు, వచ్చి నా కాళ్ళలో దిగింది.

మా ఇల్లు గడ్డిఅన్నారంలో, అప్పటి పండ్ల మార్కెట్ వెనక సందులో. కింది వాటా కిరాయికి ఇచ్చి మేం పైన ఉంటాం. అత్తమ్మ నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఆ మార్కెట్లోనే ముప్పై ఏళ్ళు గొంతుక్కూర్చుని బత్తాయిలు ఏరింది. మంచి కాయ ఒక బుట్టలోకి, మచ్చ కాయ ఇంకో బుట్టలోకి. ఆ ముప్పై ఏళ్ళ బరువూ ఆమె మోకాళ్ళే మోశాయి.

ఆమె నొప్పిని నేను చాలాకాలం నమ్మలేదు. ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మెట్లు ఎక్కేటప్పుడు ఎలాగో ఎక్కేసి, దిగేటప్పుడు గోడ పట్టుకునేది. గంటసేపు టీవీ ముందు కూర్చుని లేస్తే రెండడుగులు కుంటేది, నాలుగో అడుగుకి మామూలుగా నడిచేది. ఆడబిడ్డ వచ్చిన రోజు మూలిగేది, వినాయక నిమజ్జనం నాడు బాలాపూర్ లడ్డూ వేలంపాట చూడటానికి మాత్రం అందరికంటే ముందు తయారయ్యేది. నాటకం అనుకున్నాను. కీళ్ళ అరుగుదల అచ్చంగా ఇలాగే ఉంటుందని, ఒక రోజు వదిలి ఇంకో రోజు పట్టుకుంటుందని, కూర్చుంటే బిగుసుకుని కదిలితే వదులవుతుందని నా సొంత ఎక్స్‌రే చేతికి వచ్చాక గాని తెలియలేదు.

నమ్మకపోయినా సేవ చేయక తప్పదు కదా. ఊరి నుంచి ఎవరొచ్చినా ఎల్బీనగర్‌లో బస్సు దిగేటప్పుడు చంకలో వావిలాకు మూట ఉండాల్సిందే. ఆ ఆకు నీళ్ళలో మరిగించి, గుడ్డ ముంచి పిండి, మోకాళ్ళకు కాపడం పెట్టాలి. తర్వాత ఆకు పసరు పోసి కాచిన నువ్వుల నూనెతో అరగంట రుద్దాలి. నల్లేరు కాడలు దొరికితే పచ్చడి చెయ్యాలి. మొదటిసారి చేతికి నూనె రాసుకోకుండా నల్లేరు ఈనెలు తీసి, సాయంత్రం దాకా గోక్కుంటూ తిరిగాను. అత్తమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత తనే నా అరచేతులకు చింతపండు రసం పట్టించింది.

వావిలాకు వాసన నాకు కొత్త కాదు. మా అమ్మ లేదు కాబట్టి నా కాన్పు అత్తగారింట్లోనే జరిగింది. ఇరవై ఒక్క రోజులు ఆమే ఆ నీళ్ళు కాచి, నన్ను పీట మీద కూర్చోబెట్టి, నడుము మీద పోసింది. వంగిందీ లేచిందీ ఆ మోకాళ్ళతోనే.

ఇదంతా గుర్తుండి కూడా నాకు విసుగొచ్చింది. ఒక మధ్యాహ్నం మా అక్కతో ఫోన్లో అన్నాను, “రోజూ గా కాళ్ళు రుద్ది రుద్ది నా చేతులు పడిపోతున్నయే. ఇంకెన్నేండ్లు చెయ్యాల్నో ఏమో.” తలుపు దగ్గరగా వేసి ఉంది. పక్క గదిలో అత్తమ్మ నిద్రపోతోందనే అనుకున్నాను.

ఆ వారంలోనే దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభం పక్కన గొడుగు వేసుకుని, వేర్లూ బెరళ్ళూ పరుచుకుని కూర్చున్న ఒకతను కనిపించాడు. “అంత అడివి మొక్కలేనమ్మా. వారం తిని సూడు. రుద్దుడు లేదు, కాపుడు లేదు,” అన్నాడు. రుద్దుడు లేదన్న మాటే నా చెవికెక్కింది. అందులో ఏం కలిపావని అడగలేదు. వావిలీ మొక్కే, ఇదీ మొక్కే కదా అని నాకు నేనే చెప్పుకుని పొట్లాలు కట్టించుకొచ్చాను.

నాలుగో రోజుకి అత్తమ్మ గోడ పట్టుకోకుండా మెట్లు దిగింది. నొప్పి ఎట్లున్నదని అడిగితే, “లేదు బిడ్డా, సాఫ్ అయింది,” అంది. వావిలాకు కాచే గిన్నె అటకెక్కింది. అత్తమ్మకు బుగ్గలొచ్చాయి, మొహం గుండ్రంగా నిండింది. కోడలు బాగా చూసుకుంటోందని సందులో ఆడవాళ్ళు మెచ్చుకుంటే నేను మురిసిపోయాను. పొట్లాలు అయిపోకముందే వెళ్ళి తెచ్చేదాన్ని. అలా ఏడాది గడిచింది. ఆమె చేతుల మీద ఊరికే నల్లగా కమిలితే గాజులు ఒత్తుకుని ఉంటాయిలే అనుకున్నాం.

ఒక పొద్దున బాత్రూమ్ గడప దగ్గర ఆమె కాలు జారింది. పెద్దగా పడను కూడా లేదు. తుంటి ఎముక విరిగింది. ఎల్బీనగర్‌లో దవాఖానకు తీసుకుపోతే, డాక్టరమ్మ ఆమె బుగ్గలు చూసి, చేతుల మీది మచ్చలు చూసి, ఏం మందు తింటోందని నన్నడిగింది. సంచిలోంచి పొట్లం తీసి విప్పి, వావిలాకు కాపడం మానేసి ఇది పెడుతున్నానని చెప్పాను. “గిట్లాంటి పొడిల స్టెరాయిడ్ కలుపుతరమ్మా. నొప్పి తెల్వనియ్యదు, లోపల ఎముకను గుల్ల చేస్తది. దీనికంటె మీ వావిలాకు కాపుడే నయముండె,” అంది. ఒక్కసారిగా మాన్పిస్తే ప్రమాదమని, తను చెప్పినట్టు మెల్లగా తగ్గించాలని కూడా చెప్పింది. అదంతా కాగితం మీద రాయించుకున్నాను.

ఆ తర్వాత అత్తమ్మ నాలుగు నెలలు మంచం మీదే ఉంది. ఒకరోజు పక్కబట్టలు మారుస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. “నువ్వు మీ అక్కతోని ఫోన్ల మాట్లాడిన నాడు నేను మెల్కతోనే ఉన్న. గా పొడి తింటే కడుపుల మంట లేస్తుండె. నీ చేతులకు జర ఆరాం దొరుకుతదని తిన్న,” అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేను బతికిపోయేదాన్ని. పది రోజులకు ఆమె పోయింది.

ఇప్పుడు నా వంతు. మోకాలి కీలులో ఎముకల మధ్య ఉండే మెత్తటి పొర అరిగిందని, అరిగింది తిరిగి రాదని మా డాక్టరు చెప్పాడు. తొడ కండరం గట్టిపడితే మోకాలికి ఆసరా అని, రోజూ కుర్చీలో కూర్చుని కాలు చాపి లేపమన్నాడు. బరువు తగ్గమన్నాడు, గొంతుక్కూర్చోవద్దన్నాడు. వావిలాకు కాపడం వల్ల కాసేపు హాయిగా ఉంటుంది, పెట్టుకోమన్నాడు. నోట్లో వేసుకునేది ఏదైనా, మొక్కల మందే అయినా, తనను అడగకుండా తినొద్దన్నాడు. ఆ మాట నాకు చెప్పాల్సిన పని లేదు.

పండ్ల మార్కెట్ ఇక్కణ్ణుంచి వెళ్ళిపోయాక పొద్దున లారీల రొద లేదు. ఆ నిశ్శబ్దంలో మోకాలి చప్పుడు బాగా వినపడుతుంది. పొయ్యి మీద వావిలాకు మరుగుతుంటే నా వెనక ఎవరో చీర మోకాళ్ళ దాకా జరుపుకుని కాపడం కోసం కూర్చున్నట్టుంటుంది. నాకు భయమేస్తుంది. వెనక్కి తిరిగి చూడను.

నా కోడలు ఉద్యోగానికి పోయే ముందు రోజూ నాకు నూనె రుద్దుతుంది. పోయిన వారం నూనె గిన్నె తీసుకుంటూ, ఒక చేత్తో ఇంకో చేతి వేళ్ళు నొక్కుకుంది. నేను చూశాను. “ఇయ్యాల వద్దు బిడ్డా. నొప్పి లేదు, సాఫ్ అయింది,” అన్నాను.

అది అత్తమ్మ మాట, అత్తమ్మ అన్నట్టే వచ్చింది. అప్పటికే కోడలు సంచి తగిలించుకుని గుమ్మంలో చెప్పులేసుకుంటోంది. వెనక్కి పిలిచాను.

“అబద్ధం చెప్పిన. నొస్తున్నది. నీ చేతులు నొస్తే నాకు మొహం మీదనే చెప్పు, నేనే రుద్దుకుంట. కానీ నాకు తగ్గిందని మాత్రం అనుకోకు,” అన్నాను.

“నాకు తెల్సు అత్తమ్మా. మెట్లు దిగుతుంటే కటుక్కుమని ఇనొస్తది గద,” అంది. చెప్పులు విడిచి లోపలికొచ్చి, నా కాలు ఒడిలో పెట్టుకుంది.

అవును, వినొస్తుంది. పొట్లం మందు తిన్న ఆ ఏడాదంతా, అత్తమ్మ గోడ పట్టుకోకుండా దిగిన ప్రతి మెట్టు మీదా ఆ చప్పుడు ఉంది. ఒక్కరోజు కూడా ఆగలేదు. వంటింట్లో నిలబడి నేను వింటూనే ఉన్నాను. విని, పొయ్యి మంట పెంచి, కుక్కర్ కూత కోసం చూసేదాన్ని.