సువర్ణరేఖ భుజం మీది ఎరుపు

మా బావ కొన్న కారులో రెండే సీట్లు. గొడవంతా అక్కడే మొదలైంది.

స్వతంత్రం వచ్చిన కొత్త. మద్రాసులో దొరలు ఒక్కొక్కరే సామాన్లు అమ్ముకుని ఓడ ఎక్కుతున్నారు. అలా ఎక్కబోతున్న ఒక దొర దగ్గర మా బావ స్పోర్ట్సు కారు కొన్నాడు. పొడుగు ముక్కు, సన్నని నడుము, పైన మడతపెట్టే గుడ్డ టాపు. నేలకి జానెడు ఎత్తున పోయేది. ఆగిరిపల్లి దగ్గర వాళ్ళ మామిడితోటలోకి అది వచ్చిన రోజు ఒక కోడిపుంజు పక్కన నిలబడి మెడ చాచకుండానే లోపలికి చూసిందని నేను ఇప్పటికీ చెబుతుంటాను. పుంజు సంగతి మీ ఇష్టం. కారు ఎత్తు సంగతి మాత్రం నమ్మండి.

దొర ఆ కారుకి వేయించిన రంగు బూడిద రంగు. అంత సొగసైన బండికి ఆ రంగేమిటో నాకెప్పటికీ అర్థం కాలేదు. దూరం నుంచి చూస్తే తోటలో ఎవరో పెద్ద చేపని ఆరబెట్టినట్టు ఉండేది.

మా బావకి కారు నడపడం రాదు. బెజవాడ నుంచి ఒక డ్రైవర్ని కుదుర్చుకున్నాడు. ఒక సీట్లో డ్రైవరు, రెండో సీట్లో తను. మా అక్క కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "మరి నేనెక్కడ కూచోవాలండీ?" అని అడిగింది.

మా బావ ఆ ముక్క ఆలోచించలేదు. ఆలోచించలేదని ఒప్పుకున్నా సరిపోయేది. "నీకు గూడుబండి ఉందిగా" అన్నాడు.

మర్నాడు ఆ గూడుబండే కట్టించుకుని మా అక్క చాట్రాయిలో మా ఇంటికి వచ్చేసింది.

మా బావ పరాయివాడు కాదు, మేనత్త కొడుకే. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ మా ఇంట్లోనే గడిపేవాడు. కాబట్టి అక్క అలిగి వస్తే ఇంట్లో ఎవరూ కంగారుపడలేదు. మా అమ్మ మాత్రం, "ఏమన్నాడే అల్లుడు?" అని అడిగింది.

"ఏమీ అనలేదమ్మా. నాకు సీటు లేదన్నారు, అంతే."

రెండు మూడు రోజుల్లో తిరిగి వెళ్తుందనుకున్నాం. ఉగాది వచ్చింది, పోయింది. అక్క కదల్లేదు. ఆ కారు సంగతి తేలకపోతే ఇక ఇక్కడే ఉండిపోతుందేమోనని మా అమ్మ రాత్రిళ్ళు నాన్నతో గుసగుసలాడడం మొదలుపెట్టింది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. బందరులో చదువు మధ్యలో మానేసి, తోట పనులు చూస్తున్నానని చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. అటూ ఇటూ కబుర్లు మొయ్యడానికి నాకంటే తీరికైనవాడు లేడు. వెళ్ళి చూసి రమ్మన్నారు.

నేను వెళ్ళేసరికి మా బావ తోటలో కారు నేర్చుకుంటున్నాడు. డ్రైవర్ని పంపించేశాడట. చెట్ల వరసల మధ్య పోతూ ఒక చిన్నరసం చెట్టుని గుద్దాడు. ఆ అదురుకి ఆ చెట్టు ఆ ఏడాది రెండు కాపులు కాసింది.

"ఏం బావా, చెట్లకి కూడా నేర్పుతున్నావా?" అన్నాను.

"ఎగతాళి చాల్లేగాని, అక్కతో చెప్పు. నేను నడపడం నేర్చుకుంటున్న మాట ఇప్పుడే ఎత్తకు గాని, రెండో సీటు తనదే. ఈ బూడిద రంగు కూడా తీయించేస్తా. తనకి ఎరుపు ఇష్టం కదా, ఎరుపు వేయిస్తా. ఏ ఎరుపో తననే చెప్పమను."

లోపల్నించి మా మేనత్త వినేసింది. "ఎర్రకారా! బుద్ధుందిట్రా? ఎర్రజెండా వాళ్ళం అనుకుని పోలీసులు వచ్చి తోటలో కూచుంటారు. కూచుంటే కూచున్నారు, కాయలన్నీ తినేసి పోతారు."

ఆ రోజుల్లో అది ఉత్త హాస్యం కాదు. అయినా మా బావ వినలేదు. బెజవాడ రంగుల కొట్టు నుంచి తెప్పించిన ఒక అట్ట నా చేతికిచ్చాడు. దాని మీద ఎరుపులే ఎరుపులు, చిన్న చిన్న గళ్ళలో. అన్ని ఎరుపులు లోకంలో ఉన్నాయని నాకప్పటిదాకా తెలియదు.

అక్క ఆ అట్టని అరుగు మీద ఎండలో పెట్టి చూసింది. "ఇది పోస్టు డబ్బా. దీన్లో నేను ఊళ్ళోకి వెళ్తే నా మీద ఉత్తరాలు వేసి పోతార్రా. ఇది ఇటుక. ఇది తిరనాళ్ళ బొమ్మ. ఇదేమో, గోరింటాకు పండకముందే కడిగేసుకున్న చెయ్యి." అట్ట నా మీదికి విసిరేసి తోటలోకి నడిచింది.

నూతి దగ్గర మాకొక సువర్ణరేఖ చెట్టుండేది. మా వైపు అందరూ రసాలూ బంగినపల్లీ పెట్టుకుంటే, మా తాత ఎక్కణ్ణుంచో ఈ అంటు ఒక్కటి తెచ్చి నాటాడు. దాని కాయకి తొడిమ పక్కన, భుజం మీద, ఎండ తగిలినవైపు ఒక ఎరుపు వస్తుంది. పెళ్ళికి ముందు మా బావ సెలవులకి వచ్చినప్పుడు ఆ చెట్టెక్కి, అందరికంటే ఎర్రటి కాయ కోసి అక్కకే ఇచ్చేవాడు. నేను అడిగితే చీమలు పట్టింది ఇచ్చేవాడు.

అక్క కొమ్మ వంచి ఒక కాయ కోసింది. అప్పుడే ముదిరిన పచ్చికాయ. భుజం మీద ఆ ఎరుపు ఎలా ఉందంటే, చెప్పలేను. అట్ట మీద లేదు, అంతవరకు నిజం.

"ఈ ఎరుపు ఆయనకి తెలుసు. ఇదే వేయించమను. ఇది వేయించుకొస్తే వస్తాను. ఇంకే ఎరుపైనా సరే, ఆ డ్రైవర్నే పక్కన కూచోబెట్టుకుని ఊరేగమను."

"కాస్త అటూ ఇటూ అయితేనో?"

"అటూ లేదు, ఇటూ లేదు."

ఆ కాయకి దెబ్బ తగలకూడదు, మచ్చ పడకూడదు. అక్క చిన్న గంప తీసుకుని అడుగున వరిగడ్డి దట్టంగా పరిచింది. కాయని బోర్లించి పెట్టి, పైన మళ్ళీ గడ్డి కప్పి, గోనెపట్టా వేసి అంచులు దోపింది. ఎంత చక్కగా చేసిందో. మా అమ్మ చూస్తూ నిలబడింది. నాన్న పురికొస అందించాడు. నేను కట్టాను. మామిడికాయ తప్ప ఇంకో పంట ఎరగని కుటుంబం అది. ఒక్కరికీ ఏమీ తట్టలేదు.

విస్సన్నపేట దాకా బండి మీద, అక్కణ్ణుంచి నూజివీడు మీదుగా బస్సుల్లో, గంపని ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. పక్కన కూచున్నాయన గంపలో ఏముందని అడిగితే ఎర్రరంగు అని చెప్పాను. నిజం చెప్పినా నమ్మరని ఆ రోజు తెలిసింది.

మా బావ గడ్డి తొలగించి చూశాడు. ఎరుపుని బొటనవేలితో నిమిరాడు.

"నూతి దగ్గర చెట్టుదేనా?"

"ఆ."

"గుర్తుంచుకుంది చూశావా!" అన్నాడు. అని, తన చేత్తో ఇంకో రెండు గుప్పెళ్ళ గడ్డి కుక్కి మళ్ళీ కట్టేశాడు.

మర్నాడు కారులో బెజవాడ వెళ్ళాం. నడిపింది మా బావే. దారిలో ఎదురైన ఎడ్లబండ్లన్నీ పొలాల్లోకి దిగి మాకు దారిచ్చాయి. ఒక బండి ఎద్దులైతే మమ్మల్ని చూసి తోలేవాడి కంటే ముందే దిగాయి. రంగులు వేసే మేస్త్రీది ఊరిచివర రేకుల షెడ్డు. బస్సులకి రంగు వేయడంలో పేరున్నవాడు.

"అట్ట మీద నంబరు చెప్పండి బాబూ, చాలు" అన్నాడు మేస్త్రీ.

"నంబరు లేదు. ఈ గంపలో ఉంది శాంపిలు. అచ్చం ఇలాగే రావాలి."

"ముందు రెండు బస్సులున్నాయండీ. అవి అయ్యాక మీది."

"అయ్యాకే చెయ్యి. కాని ఒక్క మాట. రంగు కలిపేరోజు దాకా గంప విప్పకు. గాలి తగిలితే మచ్చలు పడతాయి."

మేస్త్రీ గంపని భక్తిగా అందుకుని రేకుల కింద అటక మీద పెట్టాడు. కింద నిలబడితేనే మాడు కాలిపోతోంది. మేమిద్దరం నిశ్చింతగా బస్సెక్కాం.

తర్వాత చాట్రాయిలో రోజూ ఒకటే ప్రశ్న. "కబురొచ్చిందా?" మొదట్లో అక్క ఊరికే అడుగుతున్నట్టు అడిగేది. కొన్నాళ్ళకి వీధిలో బండి చప్పుడైతే వచ్చి గుమ్మంలో నిలబడేది. నూతి దగ్గర చెట్టు కాపు అయిపోయింది. ఆవకాయ రోజులు వచ్చాయి. అప్పుడు వచ్చింది కబురు. మా బావా నేనూ బెజవాడలో కలుసుకుని షెడ్డుకి వెళ్ళాం.

మేస్త్రీ కారు మీది గుడ్డ లాగాడు.

కారు పండిపోయింది. ఇంకో మాట లేదు. ఒళ్ళంతా నిగనిగలాడే బంగారు పసుపు. ముందు చక్రాల మడ్‌గార్డుల మీద మాత్రం పల్చగా, ఉందా లేదా అన్నట్టు, కాస్త నారింజ ఎరుపు.

"భుజం మీద ఎరుపుంది కదండీ, అది కూడా వదల్లేదు" అన్నాడు మేస్త్రీ, మడ్‌గార్డు నిమురుతూ.

మా బావ అటక మీదికి చూశాడు. "కాయేదీ?"

"కాయేంటండీ? పండు. ఇంకో పూటుంటే కుళ్ళిపోయేది. రంగు కలిపేశాక పిల్లలకి కోసిచ్చా. అబ్బ, తేనె అనుకోండి!"

మా బావ నా వైపు చూశాడు. నేను మా బావ వైపు చూశాను. ఏటా బళ్ళకొద్దీ కాయని గడ్డిలో మాగేసే మనుషులం ఇద్దరం.

"మళ్ళీ వేస్తావా?" అన్నాడు బావ.

"వేస్తానండీ, దానికేం. కాయ పంపండి."

కాయ కావాలంటే ఏడాది ఆగాలి. మా బావ షెడ్డు ముందున్న బల్ల మీద కూలబడ్డాడు. "ఏడాది! అప్పటిదాకా మీ అక్క అక్కడే ఉంటుందా?"

"ఎరుపు రంగు మద్రాసులోనే దొరకట్లేదని చెబుదాం. సర్కారు మొత్తం రైళ్ళకి పట్టుకుపోయిందని నేను చెప్తాగా."

"నువ్వు చెబితే అసలు నమ్మదు. నువ్వు నోరు తెరవకు." లేచి కారెక్కాడు. "గడ్డి మాట కూడా ఎత్తకు. గంప విప్పొద్దన్నది నేను. తప్పు నాదే."

మా వీధిలోకి తిరిగేసరికి అమ్మా అక్కా అరుగు మీద ఆవకాయకి ముక్కలు కొడుతున్నారు. నాన్న మంచం మీద ఉన్నాడు. అక్క లేచి వచ్చి కారు ముందు నిలబడింది. చేతులు కొంగుకి తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

"ఇది ఎరుపా?"

"కాదు" అన్నాడు బావ.

"నేను పంపింది ఎరుపేగా?"

"ఎరుపే. నేనే చెడగొట్టా. గంప విప్పొద్దని మేస్త్రీకి చెప్పా. విప్పేసరికి ఇలా అయింది."

అక్క మడ్‌గార్డు మీది ఆ పల్చని ఎరుపు చూసింది, పసుపు చూసింది, మళ్ళీ ఎరుపు చూసింది. నేను నోరు తెరవకుండా ఉండడం నా జీవితంలో అదే మొదటిసారి.

"గడ్డి వేసింది నేను" అంది చివరికి.

"గడ్డిదేముందిలే."

"గడ్డిదే అంతా! పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ ఈ చేతుల్తో ఎన్ని కాయలు మాగేశాను! నాకు తెలియదూ?"

"నాకు మాత్రం తెలియదూ? నేనింకో రెండు గుప్పెళ్ళు కుక్కా."

"పురికొస ఇచ్చింది నేను. నన్నెందుకు వదిలేస్తారు?" అన్నాడు నాన్న మంచం మీద నుంచి.

ముందు మా అమ్మ నవ్వింది. తర్వాత అక్క. అక్క నవ్వితే ఆపడం కష్టం. మా బావ మాత్రం నవ్వలేదు. ఇంకా స్టీరింగు పట్టుకునే ఉన్నాడు.

"వచ్చే ఏడు నూతి దగ్గరికే మేస్త్రీని తీసుకొస్తా. చెట్టు మీది కాయని చూస్తూనే కలుపుతాడు" అన్నాడు.

"అది వచ్చే ఏడు మాట. డ్రైవరేడీ?"

"నేనే."

"మీరు నడుపుతారా?" అక్క కళ్ళు పెద్దవయ్యాయి. అప్పుడు నా వైపు తిరిగింది. "మరి రెండో సీట్లో వీడు కూచున్నాడేం? దిగరా."

దిగాను. అక్క లోపలికి వెళ్ళి చేతులు కడుక్కుని, చీర మార్చుకుని వచ్చింది. ఒక్కో కాలూ జాగ్రత్తగా లోపల పెట్టి కూచుని, కొంగు ఒళ్ళోకి లాక్కుంది. పొద్దు వాలకముందే ఇల్లు చేరాలని, విస్సన్నపేట దగ్గర మెల్లిగా పోనిమ్మని, ఎదురుగా వచ్చే ఎద్దుల్ని చూసుకోమని వరసగా చెబుతూనే ఉంది. కారు మలుపు తిరిగాక కూడా గొంతు వినిపించింది.

నా సంచీ ఆ కారులోనే వెళ్ళిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. వెనక పరిగెత్తి విస్సన్నపేట లోపలే అందుకున్నానని చెప్పాలని ఉంది గాని, మా అమ్మ నన్ను కదలనివ్వలేదు. అరుగు మీద సగం కాయలు అలాగే మిగిలిపోయాయి.

"అది వెళ్ళిపోయింది. నువ్వు రా" అని కత్తి నా ముందుకు జరిపింది.