రేపల్లె వైపు లేని చుక్క

ఈ ప్రయాణానికి కారణం నా నోటి దురుసే. మన తీరంలో తప్ప మరెక్కడా పెరగని పూలమొక్కలు ఏ చోట ఎక్కువగా ఉన్నాయో మా వృక్షశాస్త్రం మాస్టారు పటం గీస్తున్నారు. మొక్క దొరికిన చోటల్లా ఎర్రచుక్క. చుక్కలన్నీ ఆయన సొంతూరు బాపట్ల చుట్టూ, మెయిన్‌లైను రైలుపట్టాల వెంటే ఉన్నాయి. రేపల్లె వైపు తెల్లగా ఖాళీ.

“మొక్కలకి రైలంటే ఇష్టమేమో మాస్టారూ,” అన్నాను. ఆయన దగ్గరే చదువుకుని, తెనాలి కాలేజీలో ఆయన కిందే డెమాన్‌స్ట్రేటర్‌గా చేరినదాన్ని. ఆ మాత్రం చనువుంది.

ఆయన నవ్వలేదు. “ఆదివారం వెళ్ళి చూద్దాం పదమ్మా,” అన్నారు.

ఇసుక మీద పాకుతూ గోరంత నీలం పూలు పూసే మొక్క ఒకటి ఆయనకు ప్రాణం. బాపట్ల దిబ్బల మీద తప్ప ఎక్కడా దొరకలేదు. ఏళ్ళ తరబడి క్లాసులో “మా ఊరి పువ్వు” అని మురిసిపోయేవారు. ఆ దిబ్బల మీద సరుగుడు తోటలు వేస్తారని అప్పుడే, డెబ్భైల మొదట్లో, అనుకుంటున్నారు. ఆ నీడలో అది బతకదు. రేపల్లె వైపు కూడా ఉంటే మొక్క గండం గడిచినట్టే, కానీ ఆయన మురిపెం పోతుంది.

తెనాలిలో ఇడ్లీ తిని పొద్దుటి ప్యాసింజరెక్కాం. వేమూరు దాటేసరికే నా చీర నిండా బొగ్గునుసి. ఒళ్ళో బైబిలు పెట్టుకున్న ఎదురుసీటావిడ, “మందుమొక్కల కోసమా అండి?” అనడిగింది.

“కాదమ్మా, ఉత్త మొక్కలే,” అన్నారు మాస్టారు. ఆవిడ జాలిపడి రెండు అరటిపళ్ళిచ్చింది.

రేపల్లెలో భోంచేసి నిజాంపట్నం బస్సెక్కాం. దారిలో నగరం అనే ఊరి దాకా నిలబడే వెళ్ళాం. తర్వాత పడవ మీద కాలవ దాటితే ఇసుక. వెళ్ళేవారు గొడుగు మరిచిపోవద్దు, అక్కడ నీడన్నది లేదు.

వంగి వంగి వెతుకుతున్న మమ్మల్ని చూసి, చేపలు ఎండబోస్తున్న ఒకామె దగ్గరికొచ్చింది. “ఏంటి పారేసుకున్నారు బాబాయిగారూ?”

మాస్టారు ముందుకెళ్ళి గొంతుక్కూర్చున్నారు. ఎంతకీ లేవకపోతే వెళ్ళి చూశాను. ఎండుచేపల చుట్టూ నీలం పూలు, బాపట్లలో కన్నా దట్టంగా. నాకు గంతులేయాలనిపించింది. ఆయన ముఖం చూసి ఊరుకున్నాను.

“అదా అండి? ఎంత ఊడ్చినా మళ్ళీ వస్తాది,” అంది ఆమె.

“రానివ్వమ్మా,” అన్నారాయన.

తిరుగు రైల్లో పటం ఒళ్ళో పరిచి ఎర్రసిరా పెన్ను తీశారు. రైలు కుదుపుకి చెయ్యి నిలవడం లేదు. ఇంటికెళ్ళి పెట్టుకోవచ్చు కదా అన్నాను.

“ఇంటికెళ్తే మనసు మారుతుందేమోనమ్మా.”

భట్టిప్రోలులో రైలాగింది. చుక్క పెట్టి, ఆరేదాకా నోటితో ఊదుతూ కూర్చున్నారు. ఆయన దగ్గర నేను చదివిన చదువంతా ఒకెత్తు, ఆ చుక్క ఒకెత్తు.

పక్కనున్న రైతు తొంగిచూసి, “ఆ చుక్కలేంటి సార్?” అన్నాడు.

“నేను తిరిగిన చోట్లు బాబూ,” అన్నారు మాస్టారు. “ఇన్నాళ్ళూ మొక్కలున్న చోట్లనుకున్నాను.”