పెద్ద గుమ్మం ముందు కొందోర

కొందోర పుట్టింది ఏటికి అవతల, వడ్రంగుల పేటలో. ఏటికి ఇవతల లార్బే ఊరు. పేటవాళ్లను ఊళ్లో క్రెస్తియాలు అనేవారు. వాళ్లు అంటరానివాళ్లు ఎందుకయ్యారో ఎవరికీ సరిగ్గా తెలియదు. వాళ్ల పూర్వీకులకు కుష్ఠు ఉండేదని ఒకరు, వాళ్లది ఏదో వేరే మతమని ఇంకొకరు, ఎవరి నోటికి వచ్చింది వాళ్లు చెప్పేవారు. పేటలో ఒక్కరి ఒంటి మీదా మచ్చ లేదు. మొక్కే దేవుడూ ఒక్కడే. అయినా ఎర్రగుడ్డను బాతుపాదంలా కత్తిరించి రొమ్ము మీద కుట్టుకు తిరగాలి. ఊరి బావి ముట్టుకోకూడదు. ఊరి దారిలో ఉత్త కాళ్లతో నడవకూడదు, నేల చెడుతుందట. బతకడానికి వడ్రంగం ఒక్కటే దిక్కు. చెక్కకు మైల అంటదని ఎప్పుడో ఎవరో పెద్దలు తేల్చిపెట్టారు. అందుకని లార్బేలో పుట్టిన ప్రతి బిడ్డా క్రెస్తియా చేసిన ఉయ్యాలలోనే ఊగింది, చచ్చిన ప్రతివాడూ క్రెస్తియా చేసిన పెట్టెలోనే పోయాడు.

చర్చికి పేటవాళ్ల కోసం పక్కన ఓ చిన్న గుమ్మం ఉండేది. నడుం వంచితే తప్ప లోపలికి పోలేనంత పొట్టిది. కావాలనే అలా కట్టారు. గురువు దొన్ అర్నౌ మంచివాడే, కానీ ఆయన కూడా పేటవాళ్లకు పూజ రొట్టెను కర్ర చివర గుచ్చి అందించేవాడు.

ఒక ఎండాకాలం పిడుగు పడి చర్చి కప్పు, పెద్ద తలుపు కాలిపోయాయి. ఊరి పెద్దలు పేటకు కబురు పెట్టారు. కొందోర మొగుడు పెయ్రోత్ వడ్రంగులందరికీ పెద్ద. ఆ వేసవంతా ఓక్ మొద్దులు కోసి ముందు తలుపు చేశాడు, తరవాత కప్పు ఎత్తుకున్నాడు. చెస్ట్‌నట్ కాయలు రాలే రోజుల్లో ఒక పొద్దున దూలం పైకి లాగుతుంటే మోకు తెగింది. పరంజా మీద నుంచి పడ్డవాడు మళ్లీ లేవలేదు.

కొందోర అతన్ని కడిగింది. పెళ్లినాటి చొక్కా తొడిగింది. తొడిగాక దాని మీది బాతుపాదాన్ని కుట్టు కుట్టుగా విప్పి పొయ్యిలో పడేసింది. మరిది మెంజో పక్కనే నిలబడి చూశాడు. పెట్టె మోసుకుని చర్చి దగ్గరికి వచ్చాక మాత్రం అతని కాళ్లు వెనకాడాయి. ఎందుకంటే వదిన ఉత్తరం వైపు పేటవాళ్లను పూడ్చే గట్టుకు పోలేదు. తిన్నగా పెద్ద గుమ్మం ముందుకు పోయి, "ఇక్కడ దించండి" అంది.

ఊరి పెద్ద ఓజే చేతికర్ర ఆడించుకుంటూ వచ్చాడు.

"ఏమే, దారి తప్పావా? మీ గుమ్మం అటు."

"తప్పలేదు పెద్దయ్యా. ఆ గుమ్మంలో పెట్టె పట్టదు."

"పట్టదు గనకేగా మీవాళ్లకి బయటే ప్రార్థన చదివి పూడ్చేది. నీ మొగుడేమన్నా కొత్తరకం చావు చచ్చాడా?"

"ఈ తలుపు చేసింది ఆయనే. తీయండి, లోపలికి తీసుకెళ్తాను."

పిండిమర నడిపేవాడి పెళ్లాం గైలాన నడుం మీద చేతులేసుకుని నిలబడింది. "బాగుందమ్మా వరస. తలుపు చేసినోడు లోపలికొస్తే, రేపు గంట కట్టినోడు గోపురం ఎక్కి కాపరం పెడతాడు."

"మీ అత్తగారి పెట్టె కూడా ఆయనే చేశాడమ్మా," అంది కొందోర. "ఆ పెట్టెలోనే ఆవిడ ఈ గుమ్మంలోంచి లోపలికెళ్లింది. ఆ రోజు మైల ఎటు పోయింది?"

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. గైలాన మొహం కందగడ్డలా అయింది.

దొన్ అర్నౌ బయటికి వచ్చి మెల్లగా అన్నాడు, "కొందోరా, ఈ ఆచారం నేను పెట్టింది కాదమ్మా."

"పెట్టినవాళ్లు ఎప్పుడో పోయారు అయ్యగారూ. ఇప్పుడు మీరున్నారు."

ఆయన తల దించుకుని లోపలికి వెళ్లిపోయాడు. కొందోర పెట్టె పక్కన చతికిలబడింది.

మెంజో వంగి ఆమె చెవిలో అన్నాడు, "వదినా, లే. వీళ్లు మనకి మళ్లీ పని ఇవ్వరు."

"ఇవ్వకపోతే వాన వాళ్ల నెత్తి మీదే పడుతుంది. నీకేం?"

మెంజో తల ఎత్తి చూశాడు. కప్పు సగం కూడా కాలేదు. కొండల మీద మబ్బు దిగుతోంది. అతను పరంజా ఎక్కాడు. పనిలోకి ఎక్కాడనుకుని ఓజే గడ్డం నిమురుకున్నాడు. మెంజో పైనున్న తన బాడిస తీసుకుని దిగి వచ్చి, దాన్ని అన్న పెట్టె మీద పెట్టాడు. అతని వెనకే మిగతావాళ్లు ఒకరొకరుగా ఎక్కి, ఎవరి పనిముట్లు వాళ్లు తెచ్చి పెట్టెచుట్టూ పేర్చారు.

"వేరే ఊళ్ల నుంచి తెస్తాం వడ్రంగుల్ని," అన్నాడు ఓజే.

"తెచ్చుకోండి పెద్దయ్యా. అక్కడున్నదీ మావాళ్లే," అంది కొందోర.

అది నిజమే. ఈ కొండల్లో బాడిస పట్టినవాడల్లా క్రెస్తియాయే.

వాన మర్నాటి మధ్యాహ్నానికి దిగింది. బలిపీఠం మీద ధారలుగా కారింది. దొన్ అర్నౌ గిన్నెలూ గుడ్డలూ ఒడిలో వేసుకుని ఈ మూల నుంచి ఆ మూలకు పరిగెత్తాడు. కొందోర వానలో కదలకుండా కూర్చుంది. చివరికి లోపల గడియ తీసిన చప్పుడైంది. గురువే తలుపు తెరిచాడు.

"పెట్టెను తీసుకురండి. కొందోరా, నువ్వు మాత్రం మీ గుమ్మంలోంచి రా అమ్మా."

కొందోర లేచింది. కాళ్ల చెక్కచెప్పులు విడిచి మెట్టు పక్కన పెట్టింది. బురదకాళ్లతో, ఉత్తకాళ్లతో పెట్టె వెనకే నడిచింది. ఓజే కర్ర అడ్డం పెట్టాడు. ఆమె ఆగకపోయేసరికి భుజం మీద కొట్టాడు, మళ్లీ కొట్టాడు. కొందోర తూలి పెట్టె అంచు పట్టుకుంది. పట్టు వదలకుండానే గడప దాటింది. ప్రార్థన అయ్యేదాకా నిటారుగా నిలబడింది. ఆ గుడిలో నడుం వంచకుండా అడుగుపెట్టడం ఆమెకు అదే మొదలు. తడిసిన బట్టల్లో ఒళ్లు వణుకుతున్నా లోపల ఏదో కాగడాలా మండిందని తరవాత పేటలో చెప్పింది.

పెయ్రోత్‌ను పూడ్చింది మాత్రం ఉత్తరపు గట్టు మీదే. మంచు పడేలోగా మెంజో కప్పు పూర్తిచేశాడు.

కప్పు పూర్తయిన మర్నాడే ఊరి పెద్దలు కొందోరను సంతలో బొండకొయ్యలో పెట్టారు. ఉత్తకాళ్లతో నడిచినందుకు శిక్ష. కాళ్లు రెండూ చెక్క బెజ్జాల్లో బిగించి పొద్దు వాలేదాకా కూర్చోబెట్టారు. క్యాబేజీ మోళ్లు విసిరారు.

గైలాన దగ్గరికి వచ్చి, "బుద్ధొచ్చిందా?" అంది.

"నేను నడిచిన చోట గడ్డి మాడిందేమో చూసొచ్చి చెప్పమ్మా. నాకిప్పుడు లేవడానికి వీల్లేదు."

ఆ తరవాత ఆమె చిన్న గుమ్మంలోంచి ఎన్నడూ లోపలికి వెళ్లలేదు. పెద్ద గుమ్మంలోంచి ఊరివాళ్లు రానివ్వలేదు. ఆదివారం వస్తే ఆ గుమ్మానికి ఎదురుగా, ఆరుబయట నిలబడి పూజ వినేది. మంచులోనూ అంతే. మొదటి చలికాలం ఒక్కతే నిలబడింది. పిచ్చిదన్నారు. తరవాత మెంజో పెళ్లాం ఎస్తెబేన వచ్చి పక్కన నిలబడింది. ఆపైన పేటలో ఆడవాళ్లు, వాళ్ల వెనక మగవాళ్లు. కొన్నేళ్లకు చిన్న గుమ్మంలోంచి వంగి వెళ్లేది ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లే.

దొన్ అర్నౌ కర్రకు రొట్టె గుచ్చి బయటికి తెచ్చేవాడు. కొందోర అందుకునేది కాదు. ఆయన అలాగే వెనక్కి తీసుకుపోయేవాడు. ఏళ్ల తరబడి ఇదే తంతు.

ఒక ఈస్టరు నాడు, ఆయన బాగా ముసలివాడయ్యాక, కర్ర లేకుండా వచ్చాడు. గుమ్మంలో ఓజే కొడుకు, ఊరి పెద్దలు నిలబడి చూస్తున్నారు. గురువు చెయ్యి చాచి రొట్టెముక్కను కొందోర అరచేతిలో పెట్టాడు. ఆయన వేళ్లు ఆమె చేతికి తగిలాయి.

"చెయ్యి వణుకుతోంది. చలా అయ్యగారూ?"

"భయమమ్మా."

"మొదట్లో అంతే. నాకూ అలాగే ఉండేది."

లోపలికి రమ్మని మాత్రం ఆయన అనలేదు. అనే ధైర్యం ఆయనకు చనిపోయేదాకా రాలేదు.

ఏరు దాటుతుంటే ఎస్తెబేన అడిగింది, "అక్కా, ఆ ముక్క దాచుకోవూ?"

"దాచుకోడానికేముందే, రొట్టెగా. పొద్దుటి నుంచి ఏమీ తిన్లేదు," అంటూ కొందోర దాన్ని నోట్లో వేసుకుని నములుతూ నడిచింది.