బూడిదరంగు చుక్క

హెల్వి సోర్వరి ముప్ఫై ఏళ్లపాటు ఫిన్లాండ్‌లోని తంపెరే ఊళ్లో సిటీ బస్సు నడిపింది. ఊరంతటినీ వెనక కూర్చోబెట్టుకుని తిప్పింది, ఒక్కరితోనూ మాట కలపలేదు. అందుకు ఊరు ఆమెకు ఎంతో రుణపడి ఉంది. ఇద్దరు కూర్చునే సీట్లో ఒక్కొక్కరే కూర్చుని, పక్కన సంచీని కూర్చోబెట్టుకుని, కిటికీలోంచి చీకట్లోకి చూస్తూ పోయే జనం అది. ఎవరైనా వచ్చి పక్కన కూలబడ్డారంటే బస్సు నిండిపోయి అన్నా ఉండాలి, ఆ మనిషి పరాయి దేశం నుంచి అన్నా వచ్చి ఉండాలి. పెళ్లి కూడా ఒకసారి చేసుకుంది హెల్వి. మొదలైనంత నిశ్శబ్దంగానే ముగిసింది. ఒకరినొకరు తిట్టుకోలేదు, అందుకు కావలసినన్ని మాటలు ఇద్దరి దగ్గరా లేవు.

లోకంలో వేరే రకం ఊళ్లూ ఉన్నాయి. ఇటలీలోని నేపుల్స్‌లో మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్లు ఎదురైతే, విడిపోయేలోగా ఒక పెళ్లి ఖాయమవుతుంది, ఒక ఇంటి పరువు పోతుంది, పొయ్యి మీది గిన్నె మాడుతుంది. తంపెరేలో గిన్నెలు మాడవు. ఇక్కడ బయటికి వెళ్లేముందు తలుపుకున్న కంతలోంచి చూసి, మెట్ల మీద ఎవరూ లేరని రూఢి చేసుకుని గానీ గడియ తీయరు. దాన్ని మర్యాద అంటారు.

ఆ మర్యాదలోనే హెల్వికి ఒక స్నేహం కుదిరింది. ఎదుటి తలుపు ఓస్మోది. ఒంటరి మనిషి, అడవుల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. చెట్లతో గడిపినవాడు కాబట్టి మాటల అలవాటు ఇంకా తక్కువ. గురువారం దేశమంతా బఠాణీ సూపు తాగే రోజు. ఒక గురువారం సూపు మిగిలితే హెల్వి దాన్ని సీసాలో పోసి, సంచీలో పెట్టి, ఆయన తలుపు పిడికి తగిలించి వచ్చింది. మర్నాడు చూస్తే అదే సీసా, శుభ్రంగా కడిగినది, అడుగున కాసిని బ్లూబెర్రీ పళ్లతో, తన తలుపు పిడికి వేలాడుతోంది. అంతే. ఏళ్ల తరబడి అదే. తలుపు తట్టింది లేదు, థాంక్స్ చెప్పింది లేదు. తన బతుకులో ఇంత కుదురైన బంధం మరొకటి లేదని హెల్వికి తెలుసు. ఒక్క మాట దొర్లిందా, రెండో మాట వెతుక్కోవాలి. ఆ తర్వాత ఎదురైనప్పుడల్లా మంచు గురించి చెప్పుకోవాలి. ఆ బాధ పడలేక ఎవరో ఒకరు మెల్లగా తప్పుకుంటారు, సీసా ఆగిపోతుంది. ఆమె భయమల్లా అదే.

సరిగ్గా అప్పుడే విశ్వవిద్యాలయం వారికి ఒంటరితనం మీద జాలి కలిగింది. వారాంతంలో విద్యార్థుల హ్యాకథాన్ పెట్టారు. అంటే, మానవజాతి వేల ఏళ్లుగా తేల్చుకోలేనిదాన్ని ఇరవయ్యేళ్ల పిల్లలు చల్లారిన పిజ్జా తింటూ సోమవారం క్లాసులోగా తేల్చేయడం. సమాజానికి ఈసారి చేయవలసిన మేలు ఆగ్మెంటెడ్ రియాలిటీతో చేయాలట. ఫోను ఎత్తి చూస్తే, ఎదుట ఉన్న గోడ మీదా తలుపు మీదా లేని బొమ్మల్ని అతికించి చూపే విద్య అది.

"చిన్నమ్మమ్మా, నువ్వు చాలా ఒంటరిదానివి," అంది సిల్యా, కోటైనా విప్పకుండా. హెల్వి అక్కకి మనవరాలు ఆ పిల్ల.

"ఎవరే అన్నది?"

"అనేదేముంది? డెబ్భై దాటాయి, ఒక్కదానివే ఉంటావు. మా టీముకి అసలైన ఒంటరి మనిషి కావాలి. లేకపోతే జడ్జీలు మా ఐడియాని లెక్కలోకే తీసుకోరు."

"కిందింటి వాళ్లనడుగు. మొగుడూ పెళ్లామూ. వాళ్లంత ఒంటరివాళ్లు ఊళ్లోనే దొరకరు."

"వేళాకోళం వద్దు. ఏలకుల బన్నులు పెడతారక్కడ."

"తాజావేనా?" అంది హెల్వి. సమాజసేవలోకి ఆమె అలా దిగింది.

శనివారం ఫోనొచ్చింది. "మీ మెట్ల మీద తలుపులన్నీ కొట్టాం చిన్నమ్మమ్మా! తీసింది ఒక్కరే. మీ ఎదుటింటాయన. రేపు ఆయనా వస్తున్నాడు!"

హెల్వి కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "ఏమన్నాడు?"

"సరే అన్నాడు."

అనక ఏం చేస్తాడు? కాదంటే కారణం చెప్పాలి. కారణం చెప్పాలంటే ఒక వాక్యం కావాలి.

"ఒసే, ఆయన్ని వదిలెయ్యవే."

"వదలడమా? మీరిద్దరూ స్టేజీ మీద మొట్టమొదటిసారి మాట్లాడుకుంటారు! జడ్జీలు ఏడ్చేస్తారు, చూడు."

"నేనూ ఏడుస్తాలే," అంది హెల్వి.

ఆదివారం ఆ హాలు గోడలన్నీ పసుపు చీటీలతో నిండి ఉన్నాయి. ఒకదాని మీద 'మనసు' అని రాసి చుట్టూ మూడు గీతలు గీశారు. తర్వాత ఏం చేయాలో తోచినట్టు లేదు. ఒక టీము ఆకలిని త్రీడీలో చూపిస్తోంది. ఇంకో టీము వీల్‌చైర్‌లో వచ్చినాయనకు మెట్ల మీద బొమ్మ ర్యాంపు పరిచి చూపింది. చాలా అందంగా ఉందని ఆయన మెట్ల కిందినుంచే మెచ్చుకున్నాడు.

సిల్యా టీము స్టేజీ మీద రెండు అట్టతలుపులు నిలబెట్టింది. ఒకదాని వెనక హెల్వి, ఒకదాని వెనక ఓస్మో. "తలుపు దగ్గరికొచ్చి ఫోను ఎత్తండి," అని వివరించింది సిల్యా. "అవతల మనిషి ఉంటే తలుపు మీద చుక్క కనిపిస్తుంది. మాట్లాడాలనుంటే ఆకుపచ్చ నొక్కుతారు, వద్దనుకుంటే ఎరుపు. ఏదీ నొక్కకపోతే బూడిదరంగు. ఇక ఒంటరితనం ఉండదు!"

హెల్వి ఫోను ఎత్తింది. వేలు రెండు రంగుల మధ్యకి తీసుకెళ్లింది. ఎరుపు నొక్కితే ఇంతమంది ముందు ఆయన్ని అవమానించినట్టు. ఆకుపచ్చ నొక్కితే మాట్లాడి తీరాలి, గురువారం పోతుంది. ఎదుటి అట్ట మీద చుక్క వెలిగింది. బూడిదరంగు. ఆయనా ఏదీ నొక్కలేదు. ఆమె వేలు వెనక్కి తీసుకుంది.

హాలంతా ఎదురుచూసింది. ఇంకే దేశంలోనైనా ఎవరో దగ్గేవారు, ఎవరో నవ్వేవారు. ఇక్కడ వందమంది హాయిగా ఊరుకున్నారు.

"చిన్నమ్మమ్మా, నొక్కు!" అని గుసగుసలాడింది సిల్యా.

"ఆలోచిస్తున్నా."

అప్పుడు జడ్జీల్లోంచి, ఇళ్లు అద్దెకిచ్చే కంపెనీ తరఫున వచ్చిన పొడుగాటావిడ చెయ్యెత్తింది. "ఒక్క సందేహం. చుక్క ఉంటే ఆ తలుపు దగ్గర మనిషి ఉన్నట్టేనా?"

"అవునండీ."

"అయితే చుక్క లేకపోతే… ఎవరూ బయటికి రాబోవడం లేదన్నమాట?"

"అవుననుకోండి, కానీ మా ఉద్దేశం…"

"అంటే నేను నిశ్చింతగా బయటికెళ్లొచ్చు. ఎవరూ ఎదురు కారు."

హాల్లో ఒక నిట్టూర్పు లేచింది. ఆనక చప్పట్లు. ఆ గోడలు అంత చప్పుడు ఎన్నడూ విని ఉండవు. మనిషినీ మనిషినీ కలపడానికి పుట్టిన యాప్‌కి, మనుషుల్ని తప్పించుకోవడానికి పనికొస్తుందన్న కారణం మీద, సమాజహితం విభాగంలో మొదటి బహుమతి వచ్చింది. సిల్యా ఏడ్చింది. సంతోషమే అనుకున్నారు అందరూ. ఓస్మో అట్టతలుపు వెనకనుంచి వచ్చి, హెల్వి వైపు తల ఒకింత ఆడించి, కోటు వేసుకుని వెళ్లిపోయాడు.

అంతకుముందు ఆయన తల కూడా ఆడించలేదు. ఇది దేనికి మొదలు? నాలుగు రోజులు హెల్వికి తిండి సయించలేదు.

గురువారం సూపు కాచింది. సీసాలో పోసి సంచీలో పెట్టింది. తలుపు దగ్గరికొచ్చి, కంతకి కన్ను ఆనించబోయి, మనసు మార్చుకుని, ఆదివారం సిల్యా ఇద్దరి ఫోన్లలోనూ వేసిన యాప్ తెరిచి ఫోను ఎత్తింది.

చుక్క ఉంది. బూడిదరంగు.

ఓస్మో తన తలుపు వెనకే ఉన్నాడు. ప్రతి గురువారమూ ఉండేవాడా ఇలాగే? ఇప్పుడు తన చుక్క కూడా ఆయనకు కనిపిస్తూనే ఉంటుంది. ఆమె కదల్లేదు. ఆ చుక్కా కదల్లేదు. చేతిలో సీసా వేడి తగ్గేదాకా ఇద్దరూ రెండు తలుపులకు ఇటొకరు అటొకరు నిలబడి ఉన్నారు. ఎవరూ ఏదీ నొక్కలేదు. చివరికి ఆయన చుక్కే ఆరిపోయింది, ఆమెకు దారి ఇస్తున్నట్టు. హెల్వి వెళ్లి సంచీ తగిలించి వచ్చింది.

మర్నాడు సిల్యా ఫోను చేసింది. గొంతులో ఆశ చావలేదు. "నిజం చెప్పు చిన్నమ్మమ్మా, దాన్ని పెట్టుకుని ఎవరితోనైనా మాట్లాడావా?"

"మాట్లాడాను. నిన్న ఎదుటింటాయనతో, చాలాసేపు."

"అబ్బ! ఏమన్నాడు?"

హెల్వి చేతిలోని సీసా వంక చూసింది. ఎప్పుడూ అడుగున కాసినే ఉండే బ్లూబెర్రీలు ఈసారి మూత పట్టనన్ని ఉన్నాయి.

"సూపు బాగుందన్నాడు," అంది.