మంగళవారం సంత

నిన్న విశాఖలో చెకప్‌కి వెళ్తే, బరువు చూసిన నర్సమ్మ ఈసారీ పెరగలేదండీ అని మెచ్చుకుని, రోజూ ఎవరితో నడుస్తారు అని అడిగింది. ఒక్కదాన్నే అన్నాను. ఆ మాట అన్నప్పటి నుంచి మనసు మా అరకు సంత రోడ్డు మీదే తిరుగుతోంది.

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషనూ మందులూ అన్నీ అయి ఇల్లు చేరాక నాకు బాగా ఒళ్ళు వచ్చింది. జబ్బుపడి లేచినవాళ్ళకి నెయ్యి ఒలకబోసి అన్నం పెట్టడమే మావాళ్ళకు తెలిసిన వైద్యం. చూడవచ్చిన చుట్టాలందరూ ఒళ్ళు చేశావు, ఇక గండం గడిచినట్టే అన్నారు, నేనూ నమ్మాను. డాక్టరమ్మ మాత్రం ఈ బరువు మంచిది కాదు, జబ్బు తిరగబెట్టే భయం ఉంటుంది, అన్నం తగ్గించి రాగులు, అదే మీ చోళ్ళు, సామలు తినండి, రోజూ నడవండి అంది. ఆ తిండీ ఆ నడకా లేకపోవడమే మా ఇంటి గొప్ప అని ఆవిడకేం తెలుసు!

మా తాతగారు ఈ కొండల్లో ముఠాదారు, చుట్టుపక్కల ఊళ్ళకి శిస్తు వసూలు చేసే పెద్ద. మామ్మ గుమ్మం దాటితే పల్లకీయే. చోడి అంబలి పెరట్లో పనివాళ్ళకి పోసేది. మా ఇంట వడ్లు దంచే ఆమె కూతురి దొప్పలోంచి చిన్నప్పుడు నేను ఒక్క గుక్క తాగానని మామ్మ నాచేత మూడుసార్లు నోరు కడిగించింది. ముఠా పోయింది, భూమి పోయింది, ఇల్లు సగం కూలింది. వంగని ఈ వెన్ను మాత్రం మిగిలింది.

నడవక తప్పలేదు. కానీ పనీపాటా లేకుండా రోడ్డున పడి నడిస్తే జనం జబ్బు సంగతి పసిగడతారని, సంతకు వెళ్తున్నట్టు చేతిలో గుడ్డసంచీ పట్టుకుని బయల్దేరేదాన్ని. నాలుగు రోజులు సాగింది. ఐదోనాడు ఆ దంచే ఆమె కూతురే, ఇప్పుడు నా అంత ముసలిది, నెత్తిన విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టతో ఎదురైంది.

"ఏటమ్మగోరూ, సంచీ కాళీగా ఎల్తంది, కాళీగా వత్తంది? సంత సుక్రోరం కదేటి, ఈయేళ మంగళోరం!"

నవ్వు ఆపుకోలేక కట్ట దించేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంకో అబద్ధం వెతుక్కునే ఓపిక లేక అన్నీ చెప్పేశాను. దాని నవ్వు ఆగిపోయింది. కట్ట మళ్ళీ నెత్తికెత్తుకుంటూ, "మరి అంబలి తాగితే నోరెవులు కడిగిత్తారు?" అంది.

మర్నాటి నుంచి అదే నాకు తోడు. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి లేవకపోతే, చింతచెట్టు కింద ఆపి, "ఆ సిగురు అందుకో సూద్దుం" అని ఆటపట్టించేది. నడక అయ్యాక దాని అరుగు మీద గిన్నెడు చోడి అంబలి, ఉల్లిపాయ. మొదటిరోజు గొంతు దిగలేదు. ఏడాది తిరిగేసరికి ఒళ్ళు కొంత దిగింది, చెయ్యి చిగురుకు అందింది.

ఇప్పుడు దాని మోకాళ్ళు అరిగిపోయాయి. మనవలు తెల్లన్నం తప్ప ముట్టరు. ఆ ఇంట అంబలి కుండ నా ఒక్కదాని కోసమే పొయ్యెక్కుతోంది. శుక్రవారం అది ఎక్కిన ఆటో నా పక్కన ఆగుతుంది, రమ్మని పిలుస్తుంది, నేను తల అడ్డంగా ఊపుతాను. పల్లకీ ఇంటి మనిషిని నేను, దుమ్ములో నడుస్తూనే ఉన్నాను. అలిసిపోయాను కూడా. అలవాటు కొద్దీ ఆ సంచీ ఇంకా పట్టుకునే వెళ్తాను. మంగళవారం సంత ఎక్కడిదమ్మా అని అడిగేవాళ్ళే ఇప్పుడా రోడ్డు మీద లేరు.