పెనుకొండలో దిగిపోయే పెద్దాయన

2003లో నేను హిందూపురంలో ఒక వర్క్‌షాపులో పనిచేసేవాణ్ణి. ఆటోమొబైల్ డిప్లొమా అయి రెండేళ్లు. ఏ బండి వచ్చినా ముందు నోటుపుస్తకం తీసి, అనుమానాలకు అంకెలు వేసి రాసుకుని, ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోవడం నా పద్ధతి. "పరీక్ష రాస్తాండాడప్పా" అని తోటి మెకానిక్కులు నవ్వేవారు.

ఆ ఏడాది దసరా అయిన మూడో వారంలో, ఒక మంగళవారం ధర్మవరం నుంచి రామాంజి వచ్చాడు. పట్టుచీరల వ్యాపారి. హిందూపురంలోనూ అతనికి ఒక అంగడి ఉంది. తెచ్చింది పాత విదేశీ ఫోర్ వీల్ డ్రైవ్, అంటే ఇంజన్ బలం నాలుగు చక్రాలకూ అందే బండి. తోలు సీట్లు, చెక్క డాష్‌బోర్డు, దర్జాకేం తక్కువ లేదు. కానీ అరవై స్పీడు దాటితే చాలు, అడుగు నుంచి వణుకు.

"నలభై ఏండ్లు మగ్గం గుంతలో కూర్చోని నడుము పోగొట్టుకున్నాడబ్బా మా నాయన. ఆయన కోసమే కొన్నా దీన్ని," అన్నాడు రామాంజి. "గురువారం గురువారం నాతో ఈడికొస్తాడు. తిరిగి పోయేటప్పుడు ఈ వణుక్కి నడుము పట్టేసి పెనుకొండలో దిగి రైలెక్కుతాడు. ఇంత బండి పెట్టుకోని నేను ఒంటిగా ఇల్లు చేరేది! ఊరంతా నవ్వుతాండారు. ఈ గురువారం కూడా దిగినాడా, అమ్మేస్తా."

చేతిలో రెండు రోజులున్నాయి. నా జాబితాలో ఏడు అనుమానాలు.

బండిని నిలబెట్టి ఇంజన్ రేస్ చేశాను. వణుకు లేదు. ఇంజన్ను పట్టి ఉంచే మౌంటింగుల్ని జాబితాలోంచి కొట్టేశాను. వీల్ బ్యాలెన్సింగ్ చేయించాను, అంటే చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా చిన్న సీసం ముక్కలు బిగించడం. వణుకు అలాగే ఉంది. నాలుగో నంబరు ప్రొపెల్లర్ షాఫ్టు. గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాల ఇరుసుకు బలాన్ని మోసుకుపోయే పొడవాటి గొట్టం అది. దాని రెండు చివర్లా మోకాళ్లలా వంగే యూనివర్సల్ జాయింట్లుంటాయి. వాటిని పట్టుకుని ఊపి చూశాను. ఆట లేదు, బిగువుగానే ఉన్నాయి. అదీ కొట్టేశాను. బుధవారం సాయంత్రానికి ఏడూ అయిపోయాయి, వణుకు మాత్రం మిగిలింది.

"అన్నా, ఈ మధ్య అడుగున ఏమైనా రిపేరు చేయించినారా?" అని రామాంజికి ఫోన్ చేసి అడిగాను.

"లేదప్పా, స్పానర్ గూడా పెట్టలేదు."

గురువారం పొద్దున తండ్రీకొడుకులిద్దరూ బాడుగ జీపులో వచ్చారు. పెద్దాయన పేరు నారాయణప్ప. ఆయనను ముందు సీట్లో కూర్చోబెట్టి, నేను వెనక కూర్చుని, రామాంజి నడుపుతుంటే పెనుకొండ రోడ్డు మీద ఒక రౌండు పోయాం. అరవై దాటగానే ఆయన వంగి, గేరు పక్కన అరచెయ్యి ఆనించాడు.

"ఏమప్పా, చక్రాలు సరిచేసినావంటనే?"

"చేసినా పెద్దాయనా."

"చక్రమైతే దడదడా కొడుతుంది. ఇది సన్నగా జుమ్మంటాండాది. చక్రం కంటే చానా జోరుగా తిరిగేది ఏమన్నా ఉండాదా కింద?"

ఉంది. చక్రం ఒకసారి తిరిగేలోగా ప్రొపెల్లర్ షాఫ్టు దాదాపు నాలుగుసార్లు తిరుగుతుంది. నేను కొట్టేసిన నాలుగో నంబరు!

"ఎప్పట్నుంచి ఇట్లా?" అని అడిగాను.

"ఆయుధ పూజ కాణ్ణుంచి. మావోడు చెప్పలేదా? అడుగున గూడా మెరవాలని అంతా ఊడబెరికించి నల్లరంగు కొట్టించినాడు కదా!"

రామాంజి రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. "అది పూజ నాయనా, రిపేరు కాదు."

"మగ్గానికి నేనూ పూజ చేస్తా. పసుపు కుంకుమ పెట్టేది, టెంకాయ కొట్టేది. ఊడబెరికేది యాడన్నా చూసినావా?"

వర్క్‌షాపుకు రాగానే బండి కింద దూరి షాఫ్టు మీద రంగు గీకాను. గుంతల్లో బండి ఎగిరినప్పుడు పొడవు సర్దుకోవడానికి ఆ షాఫ్టు రెండు ముక్కలుగా, ఒకటి ఇంకోదానిలో జారేలా ఉంటుంది. లోపల పళ్లుంటాయి. ఏ పన్ను దగ్గర కలిపినా కూర్చుంటుంది, కానీ రెండు చివర్ల జాయింట్లూ ఒకే వరసలో ఉంటేనే నున్నగా తిరుగుతుంది. అందుకే కంపెనీవాళ్లు రెండు ముక్కల మీదా బాణం గుర్తులు కొడతారు. రంగు కింద అవి కనిపించాయి. ఎదురెదురుగా లేవు, రెండు పళ్లు తేడా. జాయింట్లను ఊపి చూశానే గానీ ఆ బాణాల కోసం నేను వెతకనేలేదు. విప్పి, ఎదురెదురుగా కలిపి బిగించాను.

సాయంత్రం "నువ్వూ రా" అని రామాంజి నన్ను బండెక్కించుకున్నాడు. డెబ్బై, ఎనభై. ముందు సీటు వైపే చూస్తున్నాను. పెనుకొండ కొండ కనిపించింది. స్టేషన్ మలుపు దగ్గర రామాంజి అలవాటుగా స్పీడు తగ్గించి, పక్కకు చూశాడు. పెద్దాయన నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

"లేపాల్నా?" అన్నాడు గొంతు తగ్గించి.

"వద్దన్నా. పోనీ."

చెన్నేకొత్తపల్లిలో స్పీడ్‌బ్రేకరు దగ్గర ఆయనకు మెలకువ వచ్చింది. "పెనుకొండ వచ్చిందా?"

"దాటి చానాసేపాయ నాయనా!"

పెద్దాయన జేబులోంచి ఒక రైలు టికెట్టు తీశాడు. పొద్దున వచ్చేటప్పుడే పెనుకొండ స్టేషన్లో జీపు ఆపించి కొన్నాడట. "నిన్ను నమ్మక కాదప్పా. ఎందుకన్నా మంచిదని," అంటూ దాన్ని నా చేతిలో పెట్టాడు. ఆ రాత్రి హిందూపురం తిరిగి రావడానికి ధర్మవరంలో రైలెక్కింది నేనొక్కణ్ణే.

ఆ టికెట్టు ఇప్పటికీ నా పుస్తకంలోనే ఉంది. జాబితా రాసే అలవాటూ పోలేదు. కాకపోతే మొదటి నంబరు మారింది. "రిపేరు ఏం చేయించినారు?" అని ఇప్పుడు ఎవరినీ అడగను. "పండక్కి బండికి ఏం చేసినారు?" అని అడుగుతాను. అదీ డ్రైవరును కాదు, పక్క సీట్లో కూర్చునేవాళ్లను.