అభ్యంతరం బాబాయి

మా బాబాయికి అభ్యంతరం లేని విషయం ఈ భూమ్మీద లేదు. కాఫీ వేడిగా ఉంటే అభ్యంతరం, చల్లారితే అభ్యంతరం. ఒకసారి డాక్టరు "మీ ఆరోగ్యం భేషుగ్గా ఉందండీ" అంటే, "ఏ ఆధారంతో అంటున్నారు?" అని నిలదీసి, ఆ పెద్దమనిషికే తల తిరిగేలా చేసి వచ్చాడు.

రిటైరయ్యాక ఆ విద్యనంతా పట్టణ ప్రణాళిక ఆఫీసుకి ధారపోశాడు. మాది ఇళ్లకు మాత్రమే కేటాయించిన వీధి. ఇక్కడ కొట్టు పెట్టాలన్నా, గోడ కాస్త ముందుకు జరపాలన్నా నిబంధన నుంచి మినహాయింపు కోరుతూ అర్జీ పెట్టుకోవాలి. కమిటీ విచారణ జరుపుతుంది. ఎవరి అర్జీ విచారణకి వచ్చినా వెనక బెంచీలోంచి బాబాయి లేచేవాడు.

"మేడమ్, అభ్యంతరం!"

బేకరీ ఆయన కొత్త పొయ్యి కడతానంటే, "ఆ వాసనకి నాకు వేళగానివేళ ఆకలేస్తుంది" అన్నాడు. కాలు విరిగిన మాస్టారు మెట్ల పక్కన వాలుబాట వేసుకుంటానంటే, "పిల్లులు జారిపడతాయి" అన్నాడు. వీధిలో సగంమంది ఆయన్ని చూస్తే పళ్లు నూరేవారు. మా పిన్ని మాత్రం వంటింట్లో తనలో తాను నవ్వుకునేది. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

ఆ నెల మా పక్కింటి దర్జీ అక్క వంతు వచ్చింది. బజారులో ఆమె కొట్టుని నెలాఖరుకి ఖాళీ చేయమన్నారు. ఇంటి ముందు గదిలో మిషన్లు పెట్టుకోవడానికి అనుమతి రావాలి. రాకపోతే మిషన్లు అమ్ముకుని ఎవరి కిందో పనికి పోవాలి. తోడుగా నేనూ వెళ్లాను. వెనక బెంచీలో బాబాయిని చూసి అక్క మొహం పాలిపోయింది.

అక్క పేరు పిలిచారో లేదో బాబాయి లేచాడు.

"అభ్యంతరం! మిషన్ల చప్పుడికి నా మధ్యాహ్నం నిద్ర చెడుతుంది."

"మధ్యాహ్నాలు మీరెప్పుడూ ఇక్కడే ఉంటారు కదండీ!" అంది అధ్యక్షురాలు.

"ఇక్కడే నిద్రపోతుంటాను. కానీ ఇంటి నిద్ర వేరు మేడమ్."

అక్కకి ఒళ్లు మండిపోయింది. "మీకు నేనేం ద్రోహం చేశాను బాబాయిగారూ? మీ చొక్కాలన్నీ కుట్టింది నేనే కదా!" అని హాలు దద్దరిల్లేలా అరిచింది.

అధ్యక్షురాలు గబగబా లేచింది. కమిటీ మొత్తం జీపెక్కి మా వీధికొచ్చింది. అక్క మిషను తొక్కింది. వాళ్లంతా బాబాయి పడగ్గదిలో నిలబడి చెవులు రిక్కించారు. ఏమీ వినబడలేదు.

"ఈయన గురకలో రైలుబండి కూడా వినబడదండీ" అని పిన్ని సాక్ష్యం చెప్పింది.

అభ్యంతరం కొట్టేశారు. అక్కడికక్కడే అనుమతి ఇచ్చేశారు.

అక్క ఇంకా కోపంతో ఊగిపోతోంది. కమిటీ వెంట వచ్చిన గుమస్తా నవ్వి, "కోప్పడకమ్మా. అభ్యంతరం లేని అర్జీలు మా బీరువాలో పడి నిద్రపోతాయి. అభ్యంతరం వస్తేనే అదే రోజు స్థలం చూసి తేల్చాలని రూలు. మీ బాబాయిగారు లేచిన అర్జీ ఒక్కటీ ఆగలేదు" అన్నాడు.

బేకరీ పొయ్యి, మాస్టారి వాలుబాట గబుక్కున గుర్తొచ్చాయి నాకు. ఈ మనిషిని ఇన్నాళ్లూ చాదస్తుడనుకున్నందుకు సిగ్గేసింది, ముద్దూ వచ్చింది.

అక్క కళ్లు తుడుచుకుంటూ, "ముందే ఒక్క మాట చెప్పొచ్చుగా బాబాయిగారూ?" అంది.

"చెబితే నా మీద అంత బాగా అరిచేదానివా? నీ అరుపుకే ఆవిడ జీపెక్కింది."

ఇప్పుడు మా వీధివాళ్లు ప్లాను కాగితాలు పట్టుకుని, "కాస్త మీ అభ్యంతరం దయచేయించండి" అంటూ బాబాయి చుట్టూ తిరుగుతున్నారు. మొన్న ఒక కాంట్రాక్టరు కూడా వచ్చాడు. దారిని సగం మింగేసేలా మేడ లేపాలని ఆయన కోరిక. బాబాయి ప్లానంతా శ్రద్ధగా చూసి, "దివ్యంగా ఉంది. నాకే అభ్యంతరమూ లేదు" అన్నాడు.

కాంట్రాక్టరు గుండె జారిపోయింది. పాపం, ఇంటింటికీ తిరిగి బతిమాలుకున్నాడు. వీధి మొత్తంలో ఒక్కరికీ అభ్యంతరం లేదు!